మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అనే స్టేషన్

సూళ్లూరుపేటలో లోకల్ రైలెక్కి మద్రాసు వెళ్లే వాళ్లందరికీ ఎం.ఎం.సి. అన్న మాట తెలుసు. రైలు ఆఖరున ఆగేది అక్కడే. అది సెంట్రల్ స్టేషన్‌ను ఆనుకునే ఉంటుంది కాని, దూర ప్రయాణపు రైళ్లు ఆగే భాగానికి ఒక సంకేతం, సబర్బన్ రైళ్లు ఆగే భాగానికి మరొక సంకేతం రైల్వేవారు పెట్టుకున్నారు. ఆ రెండో సంకేతం పూర్తి రూపమే మూర్ మార్కెట్ కాంప్లెక్స్. మొన్న ఎదురు సీటులో కూర్చున్న కాలేజీ కుర్రవాడు ఆ మార్కెట్ ఎక్కడుందని నన్ను అడిగాడు. మనం దిగబోయేది దాని మీదనే అన్నాను. అతను నవ్వాడు. మిగిలిన సంగతి చెప్పేలోగా ఆఖరి స్టేషనుకు ముందుండే బేసిన్ బ్రిడ్జి దాటిపోయింది కనుక, ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

ఈ కథ సెంట్రల్ దగ్గర కాక బ్రాడ్వేలో మొదలవుతుంది. పద్దెనిమిదో శతాబ్దం చివర స్టీఫెన్ పోఫామ్ అనే ఆంగ్లేయ న్యాయవాది, ముత్యాలపేటకు పెద్దనాయకన్‌పేటకు మధ్యనున్న పల్లపు నేలను బాగుచేయించి వీధి వేయించాడు. అదే పోఫామ్స్ బ్రాడ్వే. అక్కడి బజారు కాలక్రమాన ఇరుకై, శుభ్రత లేక నగరపాలక సంస్థకు తలనొప్పిగా మారింది. ఆ వర్తకులను తరలించడానికి పీపుల్స్ పార్కులో కొంత స్థలాన్ని ఎంచుకున్నారు. 1859 ప్రాంతంలో గవర్నర్ ట్రెవెలియన్ పూనికతో ఏర్పడిన ఆ పార్కు నూటపదహారు ఎకరాల తోట. చెరువులు, జంతుప్రదర్శనశాల అన్నీ అందులోనే ఉండేవి. 1898లో కార్పొరేషన్ అధ్యక్షుడు సర్ జార్జి మూర్ కొత్త మార్కెట్టుకు శంకుస్థాపన చేశాడు, 1900లో అది తెరుచుకుంది, ఆయన పేరే దానికి స్థిరపడింది. ఎర్ర ఇటుకలు, కమానులు, చుట్టూ వసారాలు, నడుమ ఖాళీ జాగా ఉన్న ఇండో సారసెనిక్ (మన దేశపు, ఇస్లామీ, ఐరోపా రీతులు కలిసిన) కట్టడం అది. దాని పొరుగున ఉన్న విక్టోరియా పబ్లిక్ హాలును కట్టించిన నంబెరుమాళ్ చెట్టి ఇంటిపేరు తాటికొండ అని తెలిసినప్పుడు, ఆ వీధిలో మనవాళ్ల అడుగులు ఎంత పాతవో నాకు అర్థమైంది.

ఏ ఉద్దేశంతో కట్టినా, ఊరి జనం దాన్ని తమకు కావలసిన విధంగా మార్చుకున్నారు. పాత పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు, చిలకలు, కుందేళ్లు, బొమ్మలు, దొరల ఇళ్లలోంచి వచ్చిన పింగాణీ పాత్రలు, ఎవరి జేబులోంచి వచ్చాయో అడగకూడని చేతిగడియారాలు, ఇవన్నీ అక్కడ దొరికేవి. బేరమాడడం తెలియనివాడు అక్కడ కాలు పెట్టకూడదని పెద్దలు అనేవారు. కొట్టువాడు చెప్పిన ధరలో నాలుగోవంతు దగ్గర మొదలుపెట్టి, అతను కాదంటే రెండడుగులు ముందుకు నడవాలనీ, వెనక్కి పిలవకపోతే మాత్రం ఆ ధర నిజమేనని నమ్మాలనీ మా మేనమామ చెప్పేవాడు. నడిచి నడిచి ఆయన కోల్పోయిన పుస్తకాలు కూడా కొన్ని ఉన్నాయని మా అత్తయ్య చెప్పగా విన్నాను.

మామయ్య వెళ్లేది తెలుగు పుస్తకాల కోసం. తమిళ ఊళ్లో తెలుగు పుస్తకాలేమిటని ఇప్పటివారికి అనిపించవచ్చు. కాని వావిళ్లవారి ముద్రణాలయం ఉన్నది మద్రాసులోనే; కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో ప్రారంభించిన ఆంధ్రపత్రికను 1914లో దినపత్రికగా మార్చి నడిపినదీ, 1924లో భారతి మాసపత్రికను వెలువరించినదీ మద్రాసు నుంచే; చందమామ 1947లో పుట్టినదీ అక్కడే. అచ్చు ఉన్న ఊళ్లో చదువరులూ ఉంటారు, చదువరుల ఇళ్లలో అల్మారాలూ ఉంటాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడివడి రాజధాని కర్నూలుకు, మూడేళ్లకు హైదరాబాదుకు మారినప్పుడు, ఎన్నో కుటుంబాలు సామాను సర్దుకుని వెళ్లిపోయాయి. బీరువాలు లారీ ఎక్కాయేమో గాని, వాటిలోని పుస్తకాలన్నీ ఎక్కలేదని నా ఊహ. మద్రాసు మనదే అని ఉద్యమించిన తరం వదిలి వచ్చిన వాటిలో, తూకానికి పోయిన ఆ అట్టల పుస్తకాలను ఎవరూ లెక్కవేసినట్టు లేదు.

1985 మే 30న మూర్ మార్కెట్ తగలబడింది. రైల్వే విస్తరణకు ఆ స్థలం కావాలన్న మాట మంటలకు ముందు నుంచే ఉంది, అక్కడి వర్తకులు కదలడానికి ఇష్టపడలేదు. అందుచేత ఆ మంటలు వాటంతట అవే పుట్టాయని నమ్మనివారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అనుమానం బలమైనదే అయినా, అనుమానాన్ని చరిత్రగా రాయడం నాకు నచ్చదు. కాలినవి కొట్లే కాని, పోయింది మాత్రం కట్టడం కూడా. దాన్ని నిలబెట్టుకోవాలన్న పట్టుదల ఆనాడు పాలకులలో కనిపించలేదు. అదే ఏడాది జంతుప్రదర్శనశాల కూడా వండలూరుకు తరలిపోయింది. వర్తకులలో కొందరికి దగ్గరలోనే అల్లికుళం సముదాయంలో కొట్లు ఇచ్చారు. కొత్త చోట పుస్తకాలు దొరికేవి కాని, ఏదో ఒక పుస్తకం కోసం వెళ్లి చిలకను కొనుక్కుని ఇంటికొచ్చే అవకాశం లేకపోయిందని మామయ్య వాపోయేవాడు. తరువాత రైల్వేవారు స్టేషన్ ఆవరణలో ఒక మూల ఆ మార్కెట్టుకు చిన్న నమూనా కట్టించారు. కార్లు నిలిపేవారికి అది ఏదో గుడి అనిపిస్తే వారి తప్పేమీ లేదు.

మామయ్య పోయాక ఆయన పుస్తకాలలో నాలుగు నా దగ్గరికి వచ్చాయి. వాటిలో ఒకటి బైండు చేసిన భారతి సంపుటం. లోపలి అట్ట మీద పెన్సిలుతో నాలుగున్నర అని రాసి, కొట్టివేసి, కింద మూడు అని, దాన్నీ కొట్టివేసి రెండుంబావలా అని రాసి ఉంది. ఆ రోజు మామయ్య ఎన్ని అడుగులు ముందుకు నడిచాడో తెలియదు గాని, కొట్టువాడు మాత్రం రెండుసార్లు వెనక్కి పిలిచాడు.