ఆయన పుట్టిన కాగితం

మంగళవారం, రాత్రి

తెల్లవారుజామున బయలుదేరి రాజాం వెళ్లి, చీకటి పడ్డాక విజయనగరం తిరిగి వచ్చాం. ఇంత తిరుగుడుకూ చేతికి వచ్చినవి ఒక స్టడీ సర్టిఫికెట్టు, తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చిన ఒక రసీదు. అయినా ఈ రోజు సంగతులు రాసి పెట్టుకోకుండా పడుకోబుద్ధి కావడం లేదు.

మా ఆయనకు జనన ధ్రువపత్రం లేదు. పాసుపోర్టు, ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్టు అన్నీ ఉన్నాయి. ప్రభుత్వ హైస్కూల్లో ఇన్నేళ్లుగా లెక్కలు చెబుతున్నారు. కానీ రాజాం పక్క పల్లెలో, ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీద పుట్టిన పిల్లవాడి పేరు ఆ రోజుల్లో ఏ రిజిస్టరులోనూ ఎవరూ రాయించలేదు. అమెరికా వలస వీసాకు అది కావాలి. లేనివారు జననం నమోదు కాలేదని స్థానిక అధికారి దగ్గర ధ్రువపత్రం తీసుకోవాలి. దానికి బడి రికార్డునూ, పుట్టుక ఎరిగిన దగ్గరివారి ప్రమాణపత్రాన్నీ జతచేయాలి. ఈ రోజు పని అదే.

నేను పుట్టింది విజయనగరంలోనే, గంటస్తంభానికి కూతవేటు దూరంలో. చిన్నప్పుడే అమ్మానాన్నలతో న్యూజెర్సీ వెళ్లి అక్కడే పౌరసత్వం తీసుకున్నాను. అమ్మమ్మను చూసుకోవడానికి వచ్చాను. ఆమె పోయాక కూడా ఇక్కడే ఉండిపోయాను, ఆయనను పెళ్లి చేసుకున్నాను, ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది కనుక ఎన్నాళ్లైనా ఉండవచ్చు. ఓటు లేదు, సాగుభూమి కొనడానికి లేదు. ఇప్పుడు అక్కడ అమ్మ ఆరోగ్యం బాగా దెబ్బతింది. అన్నయ్య ఒక్కడే చూసుకోలేకపోతున్నాడు. అందుకే ఆయనకు వలస వీసా ఇవ్వమని ఐ-130 అనే పిటిషను వేశాను. అది ఆమోదమై ఫైలు, ఇంటర్వ్యూకు ముందు కాగితాలు పరిశీలించే నేషనల్ వీసా సెంటరుకు చేరింది. పౌరుల భార్యాభర్తలకు ఏటా ఇన్నే వీసాలన్న పరిమితి లేదు కాబట్టి, ఉద్యోగాల మీద వెళ్లిన మనవాళ్లలాగా గ్రీన్‌కార్డు కోసం ఏళ్లూ పూళ్లూ వరుసలో నిలబడక్కరలేదు. కాగితాలన్నీ సరిపోతే ముంబయి కాన్సులేటులో ఇంటర్వ్యూ ఉంటుంది.

బంధువులు మాత్రం ఇది టికెట్టు కొన్నంత తేలిక అనుకుంటారు. మొన్న పెళ్లిలో పిన్ని అందరి ముందూ, "మీ ఆయన అదృష్టవంతుడమ్మా, కూర్చున్నచోటికి అమెరికా వచ్చింది" అన్నారు. ఆయన నవ్వి ఊరుకున్నారు. నాకు ఆ నవ్వు గుచ్చుకుంది.

తహసీల్దారు కార్యాలయంలో గుమస్తా గారు ఓపికగల మనిషి. పాత బడి కాగితాల్లో శ్రీకాకుళం జిల్లా అని ఉంది, మేమేమో విజయనగరం జిల్లా అని దరఖాస్తు పెట్టాం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు రాజాం ఇటు వచ్చింది. ఊరు ఉన్నచోటే ఉంది, మారినది జిల్లా. కానీ ముంబయిలో ఫైలు తిప్పే అధికారికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? "పూర్వపు శ్రీకాకుళం జిల్లా, ప్రస్తుతం విజయనగరం జిల్లా" అని రెండూ వేయమని అడిగాం. గుమస్తా గారు కాసేపు ఆలోచించి, "వేయిస్తానమ్మా, ఉన్నమాటే కదా" అన్నారు. ప్రాణం లేచి వచ్చింది.

అక్కడి నుంచి ఊళ్లోని ప్రాథమిక పాఠశాలకు వెళ్లాం. హెచ్.ఎం. గారు ఇనుప బీరువాలో నుంచి పాత అడ్మిషన్ రిజిస్టర్లు తీసి బల్ల మీద పేర్చారు. అట్టలు ఊడిపోయాయి, అంచులు చెదలు కొట్టేశాయి. పుటలు హెచ్.ఎం. గారే తిప్పారు, నెమ్మదిగా, వేలు తడి చేసుకోకుండా. పేరు దొరికింది. నీలి సిరాతో, గుండ్రటి దస్తూరి. తండ్రి పేరు, వృత్తి గడిలో "కౌలు రైతు". పుట్టిన తేదీ ఫిబ్రవరిలో. ఆ తరంలో బడి మాస్టారు జూన్‌కో జులైకో తోచిన తేదీ వేసిన పిల్లలే ఎక్కువ. ఈయనది మాత్రం నిజమైన తేదీ. మాఘమాసంలో పుట్టాడని అత్తయ్య ఎప్పుడూ చెప్పే మాటకు సరిగ్గా సరిపోయింది. గుర్తింపు చిహ్నాల గడిలో "ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ". చివరి గడిలో తండ్రి సంతకం ఉండాల్సినచోట ఊదారంగు వేలిముద్ర. బొటనవేలి మధ్యగా ఒక తెల్లని గీత, అడ్డంగా. ఆయన ఆ గీతనే చూస్తూ, "అది కొడవలి తెగిన మచ్చ, నాన్న చేతికి ఉండేది" అన్నారు. మామయ్యను నేను చూడలేదు. మా పెళ్లికి చాలా ముందే పోయారు. ఫోటోల్లో కూడా ఆయన చేతులు కనిపించవు.

తిరుగు ప్రయాణంలో, చీపురుపల్లి దాటేదాకా నేను ఈ ఒక్క సంగతే ఆలోచించాను. దరఖాస్తుల్లో నేను పిటిషనరును, ఆయన లబ్ధిదారు. అంటే ఇచ్చేది నేను, పుచ్చుకునేది ఆయన. నిజంలో ఎవరు ఏమి ఇస్తున్నారో లెక్క వేస్తే అలా లేదు. నాకు పోయేది ఏదీ లేదు. ఫార్మసీ లైసెన్సు అక్కడిదే, ఇల్లు అన్నయ్యది, వెళ్లిన వారంలో పనిలో చేరగలను. ఆయన డీఎస్సీ రాసి తెచ్చుకున్న ఉద్యోగాన్ని వదలాలి. అక్కడ బడిలో పాఠం చెప్పాలంటే ఆ రాష్ట్రపు టీచరు లైసెన్సు కావాలి, అంటే మళ్లీ చదువు, మళ్లీ పరీక్షలు. త్రైరాశికాన్ని మామిడిపళ్ల బేరంతో మొదలుపెట్టి పిల్లల చేత గోల గోలగా చెప్పించే మనిషి, తెలుగు వినబడని చోట ఎలా నిలదొక్కుకుంటారో నాకు తెలియదు. అన్నిటికన్నా పెద్దది అత్తయ్య. గ్రీన్‌కార్డు ఉన్నవారు తల్లిదండ్రులకు పిటిషను వేయలేరు, పౌరులు కావాలి. పౌరురాలి భర్తగా ఆయనకు కనీసం మూడేళ్ల తర్వాత గానీ దానికి అర్హత రాదు. ఈలోగా ఆమె సందర్శకురాలిగా రావాలి, లేదా ఆయన సెలవు చూసుకుని రావాలి. మా అమ్మ కోసం వాళ్ల అమ్మను వదలమంటున్నాను. దీన్ని ఇంకో రకంగా చెప్పడం నాకు చేతకాదు.

అత్తయ్యతో ప్రమాణపత్రం సంగతి మధ్యాహ్నమే మాట్లాడాం. ఏమి రాస్తారో చదివి వినిపించాం. అంతా విని, "నా బిడ్డ నా కడుపున పుట్టాడని నేను చెప్పాలా? చెబుతాను, దానికేం" అన్నారు. తర్వాత నన్ను వంటింట్లోకి పిలిచి, "మీ అమ్మకు కాళ్ల వాపు తగ్గిందా అమ్మా?" అని అడిగారు. జవాబు చెప్పేలోగా గొంతు పూడుకుపోయింది. ఆమె పొయ్యి వైపు తిరిగిపోయారు. ఎడమ కంటికి శుక్లం బాగా ముదిరింది, చారు గిన్నె అంచు తడుముకుంటూ పట్టుకుంటున్నారు.

ఇంటికి వచ్చాక అన్నయ్య ఫోను. నాతో పాటు మా ఆయన పోషణకు పూచీపడే జాయింట్ స్పాన్సరుగా తన పన్నుల కాగితాలు సిద్ధమన్నాడు. నా ఇక్కడి జీతం లెక్కలోకి రాదు, ఎందుకంటే అక్కడికి వెళ్లాక ఆ జీతం రాదు కదా. 2025 లెక్క ప్రకారం ఇద్దరి కుటుంబానికి ఏటా 26,437 డాలర్ల ఆదాయం చూపించాల్సి ఉండేది. అన్నయ్యకు వాళ్ల కుటుంబాన్నీ కలుపుకుని ఇంకా ఎక్కువ కావాలి, అది ఉంది. అయితే అన్నయ్య ఉన్నా, ఆయన పోషణ బాధ్యత మాదేనని రాసిచ్చే ఐ-864 ఫారం మీద నా సంతకం తప్పదు. నా నివాసం అమెరికాలోనే అని, లేదా ఆయనతో పాటుగానో ముందుగానో అక్కడ కాపురం పెట్టబోతున్నానని నేనే చూపించాలి. ఏటా అక్కడ పన్నుల రిటర్నులు వేస్తూనే ఉన్నాను, బ్యాంకు ఖాతా మూయలేదు. అవి ఇప్పుడు అక్కరకు వచ్చాయి.

భోజనాలయ్యాక ఆ ఫారం ఆయన ముందు పెట్టి, షరతులు ఒక్కొక్కటే తెలుగులో చెప్పాను. అందరూ సంతకం పెట్టేస్తారే గానీ అది నిజమైన ఒప్పందం. ఆయన పౌరుడయ్యేదాకా, లేదా పదేళ్ల పనికి సమానమైన నలభై త్రైమాసికాలు అక్కడి సోషల్ సెక్యూరిటీలో ఆయన ఖాతాలో పడేదాకా ఆ బాధ్యత నాదీ అన్నయ్యదీ. విడాకులైనా అది తీరదు. ఆ మాట చెప్పేటప్పుడు నాకు బెరుకుగానే ఉంది. ఆయన అంతా విని, "నీ వైపు మాట రాసి ఉంది, బాగానే ఉంది. నా వైపు మాట ఎక్కడ రాయాలి?" అని అడిగారు. ఆయన మాటకు ఆ ఫారంలో గడి లేదని చెప్పాను. "అయితే నీకు చెబుతాను. అమ్మ కన్ను బాగయ్యాకే కదులుతాను" అన్నారు.

నాకు వెంటనే ఒప్పుకోబుద్ధి అయింది, ఒప్పుకున్నాను. వీసా సెంటరు నుంచి కబురు వచ్చిన ఏడాదిలోగా వాళ్లతో సంప్రదిస్తూ ఉంటే కేసు మూతపడదు. వీసా ఫీజు 325, ఐ-864 ఫీజు 120 డాలర్లు కట్టేశాం. వలస వీసా దరఖాస్తు డీఎస్-260 నింపడం, కాగితాలు ఎక్కించడం అత్తయ్య ఆపరేషన్ అయి, ఆమె తన గిన్నె తాను చూసుకుని పట్టుకున్నాక చేస్తాం. ఎల్లుండి కంటి ఆసుపత్రిలో పరీక్షలకు తీసుకువెళ్లాలి, దారిలోనే నోటరీ.

అన్నయ్యకు ఈ మాటే రాసి పంపాను. సరే అన్నాడు గానీ, ఆ "సరే" రావడానికి చాలా సేపు పట్టింది. అమ్మకు మాత్రం రేపు పొద్దున్నే నేనే ఫోను చేసి చెప్పాలి, మేము వచ్చేసరికి ఇంకొన్ని నెలలు పడుతుందని.