ఆ మోత ఆగితే చాలు

ఆదివారం, రాత్రి పదిన్నర.

డీఎస్సీకి చదువుకుంటానని చెల్లెలు కర్నూలులో మా ఇంట్లో దిగి నెలైంది. పొద్దున నేను ఉగ్గానికి బొరుగులు నానబెడుతుంటే, అత్త ఎన్నిసార్లు వద్దన్నా వినకుండా గడప మీదే కూర్చొని "స్కిన్నర్, పుట్టింది 1904, అమెరికా, కార్యసాధక నిబంధనం" అని వల్లె వేస్తోంది. ఉన్నట్టుండి "ఋణాత్మక పునర్బలనం అంటే ఏంది అక్కా?" అంది.

"శిక్షే కదా" అన్నాను.

"ఆ బిట్టు పోయె నీకు!"

శిక్ష పడితే చేసే పని తగ్గుతుందంట, ఇదేమో పనిని పెంచుతుందంట. పెట్టెలో ఎలుక, కాళ్ల కింద కరెంటు షాకు. అటూ ఇటూ గెంతుతూ పొరపాటున మీట నొక్కింది, షాకు ఆగింది. నాలుగుసార్లు అలా అయ్యాక షాకు తగిలితే చాలు, మీట దగ్గరికే పరుగు.

ఇంతలో కొళాయి వచ్చింది. "నీళ్లు పడతాండావామ్మే?" అని బయటినుంచి అత్త కేక. "పడతాండా అత్తా!" అన్నాను, పోపు కలుపుతూనే. కేక ఆగింది. బిందె మాత్రం బోర్లించినట్టే ఉంది. అబద్ధం ఆడినట్టు కూడా అనిపించలేదు, మీట నొక్కానంతే.

సాయంత్రం కారులో కొండారెడ్డి బురుజు వైపు పోయాం. ఈయన సీటు బెల్టు పెట్టుకోరు. పెట్టుకోకపోతే కారు కుయ్ కుయ్‌మని ప్రాణం తీస్తుంది కదా, ఆ గోల పడలేక బెల్టు దూర్చే చోట ఉత్త క్లిప్పు ఒకటి తెచ్చి గుచ్చేశారు. కారు చేసినవాళ్లు బెల్టు పెట్టుకోవడం నేర్పుదామనుకుంటే, ఈయన గోల ఆపడం నేర్చుకున్నారు. నా బిందె సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

చెప్పుల అంగట్లో మావాడు లైట్లు వెలిగే బూట్లు కావాలని నేల మీద పడి దొర్లాడు. ఇంట్లో రెండు జతలున్నాయి. అందరూ మావైపే చూస్తున్నారు, నాకు చెవులు వేడెక్కాయి. కొనిచ్చేశాను. స్విచ్చి కట్టేసినట్టు ఏడుపు ఆగింది. చెంప మీద కన్నీటి చుక్క అలాగే ఉంది, మూతి మాత్రం నవ్వుతోంది.

ఇంటికొచ్చి చెబితే చెల్లెలు లెక్క తేల్చింది. "వాడికి బూట్లు దొరికినాయి, అది ధనాత్మకం. నీకు ఏడుపు పోయింది, అది ఋణాత్మకం. వాడు ఏడవడం నేర్చుకునె, నువ్వు పర్సు తీయడం నేర్చుకుంటివి."

నాలుగేళ్ల వాడి పెట్టెలో ఎలుకను నేనా!

ఇదిగో, లోపల మళ్లీ మొదలైంది. ఈసారి ఫోన్ కావాలంట. చార్జింగ్ ఎంత ఎక్కిందో చూసొస్తా.