నో సిగ్నల్

"కార్డు పోయింది సార్, కొత్తది తీసుకోండి" అన్న మాట చెవిలోంచి పోక, నిద్ర పట్టక ఇది రాస్తున్నాను. కంప్యూటరు భాగాలు అమ్మిన దుకాణం కుర్రవాడు, తెర మీద బొమ్మ తెప్పించే గ్రాఫిక్స్ కార్డును కంటితో చూడకుండానే, ఫోనులో అర నిమిషంలో ఇచ్చిన తీర్పు అది.

పెద్దవాడి కొత్త కేబినెట్‌లోకి పాత జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డును మార్చాను. నిన్నటిదాకా నిక్షేపంగా పనిచేసిన కార్డు. ఫ్యాన్లు తిరిగాయి, మదర్‌బోర్డు మీద 'వీజీఏ' అన్న అక్షరాల పక్కన గ్రాఫిక్స్‌లో ఏదో లోపమని చెప్పే చిన్న దీపం వెలిగి ఆరనంది, మానిటరు మాత్రం 'నో సిగ్నల్' అంటూ కూర్చుంది. కార్డుకు 120 వాట్లు కావాలి, దాన్ని గుచ్చే మదర్‌బోర్డు స్లాటు ఇచ్చేది 75, మిగతాది ఆరు పిన్నుల కేబులు నుంచి రావాలి కనుక దాన్ని మూడుసార్లు పీకి పెట్టాను. మానిటరు హెచ్‌డీఎంఐ కేబులును కార్డుకు బదులు మదర్‌బోర్డుకే తగిలించి, అక్కడా ఏమీ రాకపోయేసరికి బోర్డు కూడా పోయిందని గంటన్నర కుమిలిపోయాను. మేము కొన్న ప్రాసెసరు ఇంటెల్ 12400ఎఫ్ అనీ, 'ఎఫ్' అంటే దానిలో సొంత గ్రాఫిక్స్ లేవనీ, కార్డు లేకుండా బొమ్మ రాదనీ, నాలుగు డబ్బులు మిగులుతాయని దాన్ని ఎంచుకున్నది నేనేననీ ఆ తరువాత గుర్తుకొచ్చింది.

"రబ్బరుతో రుద్దావా?" అని అమ్మ అడిగింది.

2003లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటరులో కట్టించుకున్న మా మొదటి కంప్యూటరు నెల తిరగకుండానే బీప్ బీప్‌మని మొరాయించింది. స్కూటరు మీద వచ్చిన అబ్బాయి ర్యామ్ ఊడదీసి, నా పెన్సిలు రబ్బరు అడిగి తీసుకుని, బంగారు రంగు పళ్లను మెల్లగా రుద్ది, ఉఫ్‌మని ఊది, తిరిగి పెట్టాడు. తెర వెలిగింది. డాక్టరుగారికి ఇచ్చినట్లు అమ్మ అతనికి స్టీలు గ్లాసు కాకుండా కప్పూ సాసరూ తీసి కాఫీ ఇచ్చింది. ఆనాటి నుంచి మా ఇంట్లో ఫ్రిజ్ పాడైనా ఆవిడ అడిగేది ఆ ప్రశ్నే.

విసుగుతోనే రుద్దాను. కార్డును తిరిగి నొక్కినప్పుడు స్లాటు చివర కార్డును పట్టి ఉంచే లాచ్ 'టక్'మంది. పొద్దున ఆ చప్పుడు రాలేదు. వెనక స్క్రూను ముందే గట్టిగా బిగించడంతో కార్డు తోక రెండు మిల్లీమీటర్లు పైకి లేచి ఉండిపోయిందన్నమాట. పెద్దవాడు "వచ్చింది" అని ఆటలో పడిపోయాడు.

చూడకుండా తీర్పు ఇచ్చాడని ఆ కుర్రవాణ్ణి తిట్టడానికే ఇది మొదలుపెట్టాను గానీ, బోర్డు పోయిందని తేల్చింది నేనూ చూడకుండానే కదా. అయినా "లాచ్ పడిందా సార్" అని ఒక్క మాట అడిగితే అతని సొమ్మేం పోయేది?

స్క్రూను సగమే బిగించి వదిలాను. చిన్నది మాత్రం నల్లబడిన తన రబ్బరును చూసి, అలిగి పడుకుంది.