లెన్స్ కొనే ముందు ఆర్‌ఎఫ్ చూడాలి

చెన్నై, బుధవారం. పొద్దున్నుంచీ ముసురు.

ఇవాళ బల్ల మీదికి వచ్చింది ఒక పోర్టబుల్ సీడీ ప్లేయరు. కంపెనీ డిస్కు బాగానే పాడుతోంది. ఇంట్లో రాసుకున్న డిస్కు పెడితే మాత్రం పాటల సంఖ్య చూపించి ఆగిపోతోంది. దీన్ని ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కి తీసుకెళ్తే మొదట వినపడే మాట "లెన్స్ పోయింది సార్, మార్చేద్దాం". లెన్స్ అంటే అక్కడ మొత్తం పికప్ అని అర్థం, అంటే లేజరూ లెన్సూ ఫోటోడయోడూ కలిసి ఉండే డిస్కు చదివే భాగం. పికప్ నిజంగా పోయిందా లేదా అన్నది దాన్నుంచి వచ్చే సిగ్నల్‌ని (ఆర్‌ఎఫ్) పెంచే ఆర్‌ఎఫ్ యాంప్లిఫయర్ చిప్ దగ్గర తేలుతుంది. అక్కడ కొలవకుండా పికప్ మార్చడం నాకు అస్సలు ఇష్టం ఉండదు.

780 నానోమీటర్ల లేజర్ కాంతి డిస్కుకి తగిలి వెనక్కొచ్చి, ఏ, బీ, సీ, డీ అని నాలుగు ముక్కలుగా ఉన్న ఫోటోడయోడు (కాంతిని కరెంటుగా మార్చేది) మీద పడుతుంది. అక్కడ పుట్టే కరెంటు మైక్రోఆంపుల్లోనే ఉంటుంది. చిప్‌లో మొదటి అంచె దాన్ని వోల్టేజీగా మారుస్తుంది. ఏ, బీ, సీ, డీ నాలుగూ కలిపితే ఆర్‌ఎఫ్, అంటే పాట మోసుకొచ్చే సిగ్నల్. ఏ, సీ మొత్తంలోంచి బీ, డీ మొత్తం తీసేస్తే ఫోకస్ ఎర్రర్, అంటే లెన్స్ ఫోకస్ ఎంత తప్పిందో చెప్పే సిగ్నల్. పక్కన విడిగా ఉండే ఈ, ఎఫ్ డయోడ్ల తేడా ట్రాకింగ్ ఎర్రర్, అంటే లేజర్ చుక్క గుంటల వరస నుంచి ఎంత పక్కకి జరిగిందో చెప్పే సిగ్నల్. సోనీ సీఎక్స్‌ఏ1782లో ఈ పనితోపాటు లెన్స్‌ని సరైన చోట నిలిపే సర్వో యాంప్లిఫయర్లు కూడా ఉంటాయి. ఫిలిప్స్ టీడీఏ1300లో డయోడ్ల యాంప్లిఫయర్లూ లేజర్ సప్లయీ ఒకేచోట ఉంటాయి.

సిగ్నల్ ఆకారం చూపే స్కోపు (ఆసిలోస్కోపు) పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. రెండు సెల్స్‌తో నడిచే సెట్టులో మైనస్ సప్లయి ఉండదు. అందుకని చిప్ సప్లయిలో సగాన్ని వీసీ పేరుతో నడిమి మట్టంగా పెట్టుకుంటారు. సిగ్నళ్లన్నీ దాని పైకీ కిందికీ ఆడతాయి. ప్రోబు క్లిప్పు గ్రౌండుకి కాకుండా వీసీకి తగిలించాలి, సెట్టును బ్యాటరీ మీదే నడపాలి. బయటి సప్లయి ద్వారా సెట్టు గ్రౌండు, స్కోపు ఎర్తు కలిశాయంటే వీసీ షార్టయిపోతుంది.

స్కోపుకి 10:1 ప్రోబు, తెర మీద గడికి 0.5 మైక్రోసెకను. డిస్కు మీద పాటను రాసిన గుంటల్లో పెద్ద వాటికి 196 కిలోహెర్ట్జ్, చిన్న వాటికి 720 కిలోహెర్ట్జ్. ఆ అలలన్నీ ఒకదాని మీద ఒకటి పడి, మధ్యలో వజ్రాల వరస కనబడాలి. దీన్నే ఐ (కన్ను) ప్యాటర్న్ అంటారు. ఎత్తు చాలా సెట్లలో సుమారు 1.2 వోల్టులు, అయినా ఆ సెట్టు సర్వీస్ మాన్యువల్లో ఉన్న అంకెదే తుది మాట. ఎత్తు కన్నా నేను ఎక్కువగా చూసేది వజ్రాల మధ్య ఖాళీ. చిన్న గుంటల సిగ్నల్ పుట్టుకతోనే బలహీనం, చిప్‌లోని ఈక్వలైజరు దాన్ని ప్రత్యేకంగా పైకి లేపుతుంది. ఆ ఖాళీ మసకబారితే ముందు తప్పులు వచ్చేది అక్కడే.

ఇవాళ్టి సెట్టులో వజ్రాలు ఒక వైపు నొక్కుకుపోయి ఉన్నాయి. లేజర్ అరిగితే ఇలా ఉండదు, రెండు వైపులా సమంగా చిన్నబోతుంది. అయినా కరెంటు కొలవడం తప్పనిసరి. పికప్ చీటీ మీద చివరి మూడంకెలు 482, అంటే 48.2 మిల్లీఆంపులు. లేజర్ దారిలో ఉన్నది 22 ఓముల రెసిస్టరు కాబట్టి దాని మీద 1.06 వోల్టుల దరిదాపులో రావాలి, వచ్చింది. చీటీ కన్నా పది శాతానికి మించి పెరిగి ఉంటే లేజర్‌ని అనుమానించేదాన్ని.

ఇక మిగిలింది వీసీ. సప్లయి 3 వోల్టులు, వీసీ 1.5 ఉండాల్సింది 1.1 దగ్గర కూర్చుంది. రెండు రెసిస్టర్లు సప్లయిని సగానికి విడగొడతాయి, కింది రెసిస్టరుకి అడ్డంగా ఒక ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు ఉంటుంది. అది లీకైతే కింది రెసిస్టరు విలువ తగ్గినట్టే, మట్టం జారుతుంది, సిగ్నల్ ఒక వైపు యాంప్లిఫయర్ అంచుకి తగిలి చదునవుతుంది. టంకం కడ్డీ ఆనించగానే చేపల వాసన వచ్చింది. లోపలి ద్రవం బోర్డు మీదికి కారిందనడానికి అదే గుర్తు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచి, రాగి దారి తెగలేదని మీటరుతో చూసుకుని, అదే విలువకి 6.3 వోల్టుల టాంటలమ్ కెపాసిటరు వేస్తే చాలు. ప్లస్ మైనస్ తారుమారైతే టాంటలమ్ కాలిపోతుంది.

పికప్ మీద లేజర్ కరెంటు సరిచేసే చిన్న ప్రీసెట్‌ని (స్క్రూ రెసిస్టరు) తిప్పి "సిగ్నల్ పెంచడం" చూస్తే బాధేస్తుంది. కొన్నాళ్లు పాడుతుంది, ఆ తర్వాత లేజర్ డయోడు లేజర్‌గా మిగలదు. సీడీ-ఆర్‌డబ్ల్యూ (చెరిపి మళ్లీ రాసుకునే డిస్కు) చదవడం లేదని తిప్పేవాళ్లున్నారు. ఆ డిస్కు వెనక్కి పంపే కాంతి 15 నుంచి 25 శాతమే, కంపెనీ డిస్కుది 70 శాతం పైనే ఉంటుంది. గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలో) మార్చుకునే ఏర్పాటు లేని పాత చిప్‌తో అది జరిగే పని కాదు.

ఈ తేమలో ఇంకో సంగతి. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన సెట్టు లెన్స్ మీద ఆవిరి పడితే ఫోకస్ దొరకదు. లెన్స్ రెండు మూడు సార్లు పైకీ కిందికీ ఆడి డిస్కు లేదంటుంది. మూత తెరిచి గంట ఆరనివ్వాలి, అప్పటిదాకా ఏదీ కొలవకూడదు.

కొత్త కెపాసిటరుతో వీసీ 1.5కి వచ్చింది, రాసిన డిస్కు చివరి పాట దాకా ఆడింది. ఈ-ఎఫ్ బ్యాలెన్సు రేపు చూడాలి. ట్రాకింగ్ ఆపి ఉంచినప్పుడు అల వీసీకి పైనా కిందా సమానంగా ఉండాలి.