మొలకా, అద్దమా?

అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ చిన్నప్పుడు వాళ్ళింట్లో చలికాలానికని బంగాళాదుంపలు నేలమాళిగలో దాచేవారట. ఎక్కడో పైనున్న చిన్న కిటికీలోంచి పడే కాస్త వెలుతురు కోసం ఆ దుంపల నుంచి పాలిపోయిన తెల్ల మొలకలు రెండు మూడడుగులు సాగేవట. అవి ఎప్పటికీ మొక్కలు కావు, అయినా సాగుతూనే ఉంటాయి. మనిషీ అంతే, ఎదిగే గుణం లోపలే ఉంది, షరతులు పెట్టకుండా ఆదరిస్తే చాలు అంటాడు రోజర్స్. మానవతావాద మనస్తత్వశాస్త్రం మొత్తం నాకు ఈ మొలకలోనే కనిపిస్తుంది.

మనిషి ఎదుగుదల గురించే సూఫీ పండితుడు ఇమామ్ ఘజాలీ (1058–1111) చెప్పిన కథ ఇంకోటి. చైనా చిత్రకారులకీ రూమ్ (బైజాంటియం, అంటే గ్రీకుల రాజ్యం) చిత్రకారులకీ పందెం. చెరో గోడ, మధ్యలో తెర. రూమ్ వాళ్ళు రంగులతో గోడంతా నింపేస్తే, చైనా వాళ్ళు ఒక్క చుక్క రంగు కూడా వాడకుండా తమ గోడని అద్దంలా తోముతూ కూర్చున్నారు. తెర తీసేసరికి అవతలి బొమ్మలన్నీ ఇవతల ఇంకా మెరుస్తూ కనిపించాయి. (రూమ్ ప్రాంతంలో స్థిరపడ్డ సూఫీ కవి రూమీ ఈ కథ మళ్ళీ చెప్పినప్పుడు తోమే పని రూమ్ వాళ్ళకిచ్చాడు, సొంతవాళ్ళ మీద అభిమానం కాబోలు!)

సూఫీ తత్వవేత్త ఇబ్న్ అరబీ చెప్పిన ఇన్సానె కామిల్, అంటే సంపూర్ణ మానవుడు, ఈ తోమిన గోడ లాంటివాడే, దైవనామాలన్నీ అతనిలో ప్రతిఫలిస్తాయి తప్ప ఆ వెలుగు అతని సొంతం కాదు. అటు రోజర్స్, ఇటు ఈ సూఫీలు, మనిషి మూలంలో మంచివాడనే అంటారు, ఇస్లాంలో దానికి ఫిత్రత్ అని పేరు కూడా ఉంది. తేడా అంతా 'నేను' దగ్గరే వస్తుంది. రోజర్స్ నీ లోపలి గొంతు నమ్ము అంటాడు. ఖురాన్ మాత్రం నఫ్స్, అంటే మనిషిలోని ఆ 'నేను', చెడుకి పురిగొల్పుతుందనీ, తనని తానే నిందించుకుంటుందనీ, చివరికి శాంతించగలదనీ వేర్వేరు చోట్ల చెబుతుంది. మరి ఇప్పుడు మాట్లాడుతున్న గొంతు వీటిలో ఏది?

ఘజాలీకి ఈ ప్రశ్న పుస్తకాల్లోది కాదు. 1095లో బాగ్దాద్‌లో పెద్ద పేరున్న ఆచార్యుడిగా ఉండగానే, పాఠం చెబుదామంటే నాలుక కదల్లేదు, గుక్కెడు నీళ్ళు కూడా గొంతు దిగలేదు. తన బోధన కీర్తి కోసమే సాగుతోందని ఆయనే రాసుకున్నాడు. పదవి వదిలి వెళ్ళిపోయాడు. మనిషి అవసరాలని నిచ్చెన మెట్లుగా పేర్చిన మనస్తత్వవేత్త మాస్లో లెక్కలో చూస్తే అప్పటికి ఆయన నిచ్చెన పైమెట్టు దగ్గరే ఉన్నట్టు!

మాస్లో కూడా చివరి రోజుల్లో, 1970లో పోయే ముందు, ఆత్మ సాక్షాత్కారం, అంటే తనలోని శక్తులన్నీ వికసింపజేసుకోవడం, అనే పైమెట్టు మీద ఇంకో మెట్టు పెట్టాడు: తనని తాను దాటడం. రోజర్స్ ఆదరణ లేకపోతే నేను అద్దం ముందుకే వెళ్ళేవాణ్ణి కాదు, అది ఒప్పుకుంటాను. కానీ వెళ్ళాక మాత్రం తోముడు గుడ్డ ఇచ్చింది ఘజాలీయే.