ఆరు వారాలు, ఒక మేకు

మొదటి గుంతలో ఏమీ దొరకలేదు. రెండో దాంట్లోనూ అంతే. మూడో రోజు ఫోన్‌లో సంగతి చెబితే, "గంత దూరం పోయి గుంతలు తవ్వుతున్నవా బిడ్డా?" అంది అమ్మ. కాదనలేకపోయాను.

వర్జీనియాలోని మాంటిసెల్లో, అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఇల్లు. అక్కడ విద్యార్థులకిచ్చే ఆరు వారాల తవ్వకాల శిక్షణకి వెళ్లాను. టూరిస్టులు ఫొటోలు దిగే గుమ్మటం పక్కనే తవ్వుతాం అనుకున్నా. మమ్మల్ని పంపింది కొండ కింద అడవిలోకి. పిడుదులు, దోమలు, తగిలితే దద్దుర్లొచ్చే పాయిజన్ ఐవీ తీగ. జెఫర్సన్ తన జీవితంలో 600 మందికి పైగా మనుషుల్ని బానిసలుగా ఉంచుకున్నాడు. వాళ్లలో చాలామంది ఉన్న కర్ర ఇళ్లకి నేల మీద ఆనవాలే లేదు. అందుకే సమాన దూరాల్లో చిన్న గుంతలు తవ్వి, మట్టిని పావు అంగుళం కన్నాల జల్లెడలో పోసి వెతకాలి.

ఎర్ర బంకమట్టి, అచ్చం మా పాలమూరు చెలక రంగే. వాన పడితే జల్లెడలో దిగదు, వేళ్లతో నలపాల్సిందే. ప్రతి పొర రంగునీ మన్సెల్ పుస్తకంలోని రంగు ముక్కలతో పోల్చి రాయాలి. వారం దాకా నాకు అన్నీ ఒకే ఎరుపు.

రెండో వారం పెద్ద పొరపాటు చేశాను. నాగలి తిరిగిన పై పొర అయిపోగానే తాపీ ఆపాలి. తొందరలో రెండంగుళాలు కిందికి గీకేశా, రెండు పొరల మట్టీ ఒకే సంచిలో పడింది. మా సూపర్‌వైజర్ తిట్టలేదు. "కలిసిపోయిందని ఫారంలో రాసి సంతకం పెట్టు" అంది. తిట్టినా బాగుండేది.

నాలుగో వారం జల్లెడలో తుప్పు ముద్ద కనిపిస్తే రాయనుకుని పారేయబోయాను. పక్కమ్మాయి ఆపింది. ల్యాబ్‌లో పింగాణీ పెంకుల్ని కడుగుతాం, ఇనుముని మాత్రం నీళ్లు తగలకుండా పొడి బ్రష్‌తో తుడుస్తాం. తుడిస్తే మేకు. తల మీద సుత్తి దెబ్బలు. 1794లో జెఫర్సన్ కొండ మీద మేకుల కొలిమి పెట్టించి, 10 నుంచి 16 ఏళ్ల బానిస పిల్లల చేత పని చేయించాడు. మా తమ్ముడికి పన్నెండు. ఇది ఆ కొలిమిదేనని చెప్పడానికి ఆధారం లేదు కాబట్టి ఫారంలో "చేత్తో కొట్టిన మేకు, 1" అని మాత్రమే రాశాను.

మ్యాప్‌లో నా ఖాళీ గుంతలకీ సున్నాలు పెట్టారు. ఇల్లు ఎక్కడిదాకా ఉండేదో ఆ సున్నాలే చెబుతాయట.

చివరి రోజు తవ్వినవన్నీ పూడ్చేశాం. ఆ ముక్క అమ్మకి ఇంకా చెప్పలేదు.