మట్టి బ్యాక్టీరియా వర్సెస్ బూజు: జోన్ కనిపించాక చేయాల్సిన అసలు పని

ఫంగస్‌ను (బూజు, ఈస్ట్, పుట్టగొడుగుల జాతి) ఆపే బ్యాక్టీరియా మట్టిలో దొరుకుతుందేమోనని ఇంట్లో వెతుకుతున్నాను. ప్లేట్ల మీద కాలనీలు (బ్యాక్టీరియా గుంపులు) లేవడం దాకా వచ్చిన ఆ పని ఇప్పుడు ఒక అడుగు ముందుకు పడింది. ఏరిపెట్టుకున్న వాటిలో రెండు బ్యాక్టీరియాలు ఫంగస్‌ను దగ్గరకు రానివ్వడం లేదు. ఒకటి చూడ్డానికి బాసిలస్‌లా ఉంది, దానికి బి-4 అని పేరు పెట్టుకున్నాను. రెండోది స్ట్రెప్టోమైసిస్ తరహాది, పేరు ఎస్-2. డీఎన్ఏ సీక్వెన్సింగ్ చేయించలేదు కాబట్టి ప్రస్తుతానికి ఈ "లా", "తరహా" మాటలతోనే సరిపెట్టుకోవాలి.

ప్లేట్ మీద బ్యాక్టీరియా చుట్టూ ఫంగస్ పెరగని ఖాళీ జోన్ కనిపించగానే యాంటీఫంగల్ (ఫంగస్‌ను ఆపే పదార్థం) దొరికేసిందని చాలామంది సంబరపడతారు. జోన్ రావడానికి సవాలక్ష కారణాలుంటాయి. బ్యాక్టీరియా ముందే తిండి తినేసి ఉండొచ్చు, మీడియం (అవి పెరిగే ఆహారం) పీహెచ్, అంటే ఆమ్ల-క్షార స్థాయి, మార్చేసి ఉండొచ్చు, ఏదో ఆవిరి వదులుతూ ఉండొచ్చు. ఈసారి పని మొత్తం వీటిని ఒక్కొక్కటిగా పక్కకు తప్పించడమే.

వీటిని ఎలా పట్టానో క్లుప్తంగా చెప్తాను. మొక్కల వేళ్ల దగ్గర అయిదు నుంచి పది సెంటీమీటర్ల లోతులో తీసిన మట్టిని రెండు భాగాలు చేశాను. ఒక భాగాన్ని వారం పాటు నీడలో ఆరబెట్టాను. తడి ఆరేకొద్దీ మామూలు బ్యాక్టీరియా తగ్గిపోతుంది, స్ట్రెప్టోమైసిస్ స్పోర్లు (విత్తనాల్లాంటి కణాలు) తట్టుకుంటాయి. రెండో భాగాన్ని స్టెరైల్ నీళ్లలో కలిపి 80 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచాను. బాసిలస్ ఎండోస్పోర్లకు (కష్టకాలానికి అది కట్టుకునే గట్టి పెంకు రూపాలకు) ఆ వేడి ఒక లెక్క కాదు. ఆ తర్వాత మామూలే: ఒక గ్రాముకు 9 మి.లీ. నీళ్లు, అక్కడి నుంచి ప్రతిసారీ పదో వంతుకు పలచన. స్ట్రెప్టోమైసిస్ కోసం స్టార్చ్ కేసిన్ అగర్ (జెల్లీలా గడ్డకట్టే మీడియం), 28 డిగ్రీలు, వారం నుంచి పది రోజుల ఓపిక. ల్యాబుల్లో ఈ ప్లేట్లను బూజు కమ్మేయకుండా సైక్లోహెక్సిమైడ్ గానీ నిస్టాటిన్ గానీ కలుపుతారు. తమాషా ఏమిటంటే ఆ రెండూ స్ట్రెప్టోమైసిస్ ఇచ్చినవే. సైక్లోహెక్సిమైడ్ మనిషికీ విషమే కాబట్టి ఇంట్లో దాని జోలికి పోలేదు. బూజు పాకకముందే కాలనీలను వేరే ప్లేట్‌కి మార్చుకుంటే సరిపోతుంది.

ఎస్-2 కాలనీ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. పైన సుద్దపొడి చల్లినట్టు తెల్లగా, రోజులు గడిచేకొద్దీ బూడిద రంగులోకి తిరుగుతుంది. సూదితో గీకితే రాదు, కింద అగర్‌లోకి పాతుకుపోయి ఉంటుంది. గట్టిగా లేపితే చొక్కా గుండీలా మొత్తం ఒకేసారి ఊడివస్తుంది. తొలకరి మట్టివాసన కూడా దీనిదే, ఆ వాసననిచ్చే పదార్థం జియోస్మిన్. అలాగని మూత తీసి ముక్కు పెట్టకండి. బి-4 ఇంత నాజూకు కాదు: ముడతలు పడిన పొర, వంకర అంచు, తాజాగా ఉన్నప్పుడు జిగురు.

టెస్ట్ ఫంగస్‌గా ఆయిస్టర్ పుట్టగొడుగు మైసీలియం (దాని తెల్లటి దారాల అల్లిక) వాడుతున్నాను, తోడుగా బేకరీ ఈస్ట్. రొట్టె మీదో గోడ మీదో పెరిగిన బూజును తెచ్చి పెంచితే అది ఆస్పర్‌జిల్లస్ అనే బూజు అయ్యే అవకాశం ఉంది, లక్షల స్పోర్లు గాల్లోకి లేస్తాయి. మైసీలియం స్థాయిలో ఉన్న ఆయిస్టర్‌తో ఆ టెన్షన్ లేదు. పైగా అంచు శుభ్రంగా, తెల్లగా ఉంటుంది, స్కేలుతో కొలవడం తేలిక.

మీడియం పీడీఏ (పొటాటో డెక్స్‌ట్రోజ్ అగర్): లీటరుకు 200 గ్రాముల బంగాళాదుంపలు ఉడికించిన నీళ్లు, 20 గ్రాముల డెక్స్‌ట్రోజ్, 15 గ్రాముల అగర్. 15 పౌండ్ల ప్రెజర్‌తో, అంటే 121 డిగ్రీల దగ్గర, 15 నిమిషాలు. చెయ్యి తట్టుకునేంత వేడికి దిగాక, దాదాపు 50 డిగ్రీల దగ్గర, ప్లేట్లలో పోయాలి. ఇంకా వేడిగా పోస్తే మూతకి ఆవిరి పట్టి ఆ నీళ్లు కాలనీల మీద కారతాయి. ఎస్-2 నిదానంగా పెరుగుతుంది కాబట్టి దాన్ని నాలుగైదు రోజులు ముందే గీత గీసి పెట్టుకోవాలి. ఆ తర్వాత ఎదురుగా, మూడు సెంటీమీటర్ల దూరంలో, 5 మి.మీ. ఫంగస్ ముక్క. ముక్కను కాలనీ నడిమధ్య నుంచి కాదు, పెరుగుతున్న అంచు నుంచే కోయాలి.

బ్యాక్టీరియా లేని కంట్రోల్ ప్లేట్ తప్పనిసరి. అందులో ఫంగస్ 40 మి.మీ. పాకి, బ్యాక్టీరియా వైపు 22 మి.మీ. దగ్గరే ఆగిందనుకోండి. తేడా 18, దాన్ని 40తో భాగిస్తే 45 శాతం నిరోధం. నా రెండు ప్లేట్లూ ఈ చుట్టుపక్కలే ఉన్నాయి.

ఇక ఏరివేత. ఆవిరి సంగతి తేల్చడానికి మధ్యలో గోడ ఉన్న ప్లేట్ వాడాను: ఒక గదిలో బ్యాక్టీరియా, రెండో గదిలో ఫంగస్. బి-4 ప్లేట్లోనూ ఎస్-2 ప్లేట్లోనూ ఫంగస్ హాయిగా పెరిగింది. అంటే పనిచేస్తున్నది గాల్లోంచి రావడం లేదు, అగర్‌లోంచి పాకుతోంది. తర్వాత బి-4ని ద్రవ మీడియంలో పెంచి, ఆ ద్రవాన్ని 0.22 మైక్రాన్ సిరంజి ఫిల్టర్‌తో వడగట్టాను. ఇందులో బ్యాక్టీరియా కణం ఒక్కటీ ఉండదు కాబట్టి తిండి పోటీ అనే వాదన పోతుంది. అగర్‌లో చిన్న గుంట తీసి ఈ ద్రవం పోస్తే జోన్ వచ్చింది. పీహెచ్ 8 దాటి ఉంది కనుక, ఏమీ పెంచని మీడియాన్ని అదే పీహెచ్‌కి తెచ్చి పక్క గుంటలో పోశాను. అక్కడ జోన్ లేదు. ద్రవాన్ని మరిగించి చూసినా జోన్ తగ్గలేదు. మామూలు ఎంజైమ్ అయితే ఆ వేడికి పాడైపోవాలి.

ఇక్కడి నుంచి అనుమానం లైపోపెప్టైడ్ల మీదికి మళ్లింది. బాసిలస్ సబ్‌టిలిస్, దాని దగ్గరి చుట్టాలు చేసేవి ముఖ్యంగా మూడు కుటుంబాలు: సర్ఫాక్టిన్, ఇటురిన్, ఫెంజైసిన్. ఇవి సబ్బులాంటి అణువులు. పారాఫిల్మ్ (నీళ్లు అంటని మైనపు పొర) మీద మామూలు మీడియం చుక్క పూసలా గుండ్రంగా నిలబడింది. పక్కనే వేసిన బి-4 చుక్క చూస్తుండగానే చదునై పలచగా పరుచుకుంది. కాకపోతే ఇది ఎక్కువగా సర్ఫాక్టిన్ పని కావొచ్చు, దానికి ఫంగస్‌ను ఆపే శక్తి అంతంతమాత్రం. ఈస్ట్ మీద బి-4 ప్రభావం దాదాపు లేకపోవడం మరో ఆధారం. ఫెంజైసిన్ దారాల్లా పెరిగే ఫంగస్‌ను ఆపుతుంది గానీ ఈస్ట్‌ను పెద్దగా పట్టించుకోదు. నా పందెం ఫెంజైసిన్ మీదే.

ఎస్-2 కథ వేరు. దాని వడగట్టిన ద్రవం ఏ పనీ చేయలేదు. పెరిగిన అగర్ ముక్కను మాత్రం ఫంగస్ పక్కన పెడితే పెద్ద జోన్, ఈస్ట్ మీద ఇంకా పెద్దది. బి-4ని దానికి అడ్డంగా గీస్తే, గీత తగ్గకుండా ఎస్-2ని ఆనుకునే పెరిగింది. ఈస్ట్, ఫంగస్ రెండూ ఆగి, బ్యాక్టీరియా ఆగలేదంటే పాలీయీన్ (నిస్టాటిన్ లాంటి యాంటీఫంగల్ అణువుల కుటుంబం) గుర్తుకు రావాలి. పాలీయీన్లు ఫంగస్ కణపు పొరలోని ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థానికి అతుక్కుంటాయి, బ్యాక్టీరియాలో ఆ ఎర్గోస్టెరాలే ఉండదు. నీళ్లలో సరిగా కరగవు, చాలావరకు కణాలకే అంటుకుని ఉంటాయి. వడగట్టిన ద్రవం ఎందుకు విఫలమైందో దీన్ని బట్టి అర్థమవుతుంది.

1950లో ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ నిస్టాటిన్ పట్టుకున్న దారి కూడా ఇలాంటిదే. హేజెన్ న్యూయార్క్ నగరంలో మట్టి కల్చర్లను ఫంగస్ మీద పరీక్షించి, పనిచేసేవి పోస్టులో ఆల్బనీకి పంపేవారు. అక్కడ బ్రౌన్ అసలు పదార్థాన్ని విడదీసేవారు. ఫంగస్‌ను చంపేవి వాళ్లకు చాలానే దొరికాయి. జంతువుల మీద పెడితే చాలావరకు వాటినీ చంపేవే. మన కణాలూ ఫంగస్ కణాలూ దగ్గరి బాపతు కావడంతో వచ్చే తంటా ఇది. అందుకే నా ప్లేట్ల మీదిది ఏదైనా సరే, తామర మీదో గోళ్ల మీదో రాసి చూడాలనే ఆలోచన ఎవరికీ రాకూడదు.

వాడిన ప్లేట్లన్నీ టేపు తీయకుండా సంచిలో కట్టి, మళ్లీ 121 డిగ్రీల దగ్గర అరగంట ఉంచాకే పారేస్తున్నాను. దీనికి పెట్టిన కుక్కర్ వంటగదిలోకి వెళ్లదు.

తర్వాతి పని: ఎస్-2 కణాలను మిథనాల్‌లో నానబెట్టి, ఆ సారాన్ని కాగితపు బిళ్లల మీద ఆరబెట్టి పరీక్షించడం, పక్కన ఒట్టి మిథనాల్ ఆరిన బిళ్ల ఒకటి. పాలీయీన్లు వెలుతురుకు పాడవుతాయి కాబట్టి సీసాకి ఫాయిల్ చుట్టాలి. ఆ తర్వాత ఒక స్పెక్ట్రోఫోటోమీటర్ (ఏ రంగు కాంతిని ఎంత పీల్చుకుందో కొలిచే పరికరం) అడిగి తెచ్చుకోవాలి. పాలీయీన్లలో నిస్టాటిన్ లాంటి టెట్రాయీన్లకు 291, 304, 318 నానోమీటర్ల దగ్గర మూడు శిఖరాలు వస్తాయి, ఆంఫోటెరిసిన్ లాంటి హెప్టాయీన్లకు 363, 382, 406 దగ్గర. ఎప్పుడో కనిపెట్టిన అణువే మళ్లీ తగులుతుందని నా అంచనా. ఈలోగా రెండు కల్చర్లనూ 20 శాతం గ్లిసరాల్‌లో ఫ్రీజర్‌కి ఎక్కించాను.